తెర మీద గీతలు కదలని రోజు

మన చుట్టూ ఉన్న స్థలం అన్ని దిక్కులా ఒకేలా ఉంటుందా? కాంతి ఎటు పోయినా ఒకే వేగంతో పోతుందా? నిజామాబాద్‌లో మా డిగ్రీ కాలేజీ పిల్లలకు ఈ పాఠం పదేళ్లు నోటితోనే చెప్పాను. ఒక ఏడాది కళ్లకు చూపించాలనిపించింది.

లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి, ఒకదానికొకటి అడ్డంగా పంపి, అద్దాలతో మళ్లీ కలిపితే తెర మీద ఎర్రటి గీతలు పడతాయి. ఇదంతా ఒక బల్ల మీద అమర్చి తిప్పాలి. దిక్కుల మధ్య తేడా ఉంటే గీతలు జరుగుతాయి.

తిరిగే బల్ల బోధన్‌లో ఒక లేత్ మిస్త్రీ చేసిచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ దాని మిషన్లకు సామాన్లు చేసిన పెద్దాయన. అందరిలాగే నేనూ చాచా అని పిలిచేదాన్ని.

బల్ల తిప్పితే గీతలు జరిగాయి. ఉత్తరం వైపు తిరిగిన ప్రతిసారీ జరిగాయి. అన్ని దిక్కులూ ఒకటే అని పుస్తకాలు చెప్పేది తప్పేమో, నాకేదో కొత్త సంగతి దొరికిందేమో అనుకున్నాను. హైదరాబాద్‌లో జరిగే సదస్సు కోసం వ్యాసం మొదలుపెట్టాను.

తను చేసిన బల్ల ఎట్లా ఉందో చూద్దామని చాచా తనంతట తానే బస్సెక్కి వచ్చాడు. నేను తెర చూపిస్తుంటే, ఆయన పళ్లెంలో నీళ్లు పోయించి బల్ల మీద పెట్టి మెల్లగా తిప్పి, గోడ మూలన నీళ్లు బయటకు పోయే కంత వైపు వేలు చూపాడు.

“సూడు మేడం. ఎటు తిప్పినా నీళ్లు గా మోరీ దిక్కే పోతున్నయి. కింద మీ ఫర్శి వాలి ఉన్నది. బరువు అటు పడి పలక వంగుతున్నది.”

“అయితే దిక్కుల్లో తేడా లేదా చాచా?”

“దిక్కుల సంగతి నాకెర్క లేదు. ఫర్శిల అయితే ఉన్నది.”

నా ముఖం చిన్నబోయింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా నేల మీద కూర్చుని, బల్ల కాళ్ల కింద సన్నటి రేకు ముక్కలు ఒక్కొక్కటే దూర్చాడు. పలక అడుగున ఇనుప పట్టీలు బిగించాడు. సాయంత్రం నమాజు వేళకు పళ్లెంలో నీళ్లు నిలకడగా ఉన్నాయి.

బల్ల తిప్పాను. గీతలు కదల్లేదు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తిప్పి చూశారు. కదల్లేదు.

“ఏం తేలింది మేడం?”

“మన కొలతకు అందినంత వరకు అన్ని దిక్కులూ ఒక్కటే చాచా.”

“గట్లయితే బల్ల సక్కగనే వచ్చింది” అని రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు.

సదస్సుకు రాసిన కాగితాలు చింపేశాను. ఆయన ఆ రోజు రాకపోయి ఉంటే, మా ల్యాబు నేల వాలును విశ్వానికి అంటగట్టి, నలుగురి ముందు నిలబడేదాన్ని. ఆ మాట ఆయనతో ఒకసారి అంటే నవ్వి చాయ్ తెప్పించాడు. ఇప్పటికీ కొత్త పరికరం వస్తే ముందు ఆయనకే ఫోన్ చేస్తాను.