సిరోంచ ఒడ్డున పడవకు చోటు వెతికిన రోజు

నా రాత వంకరగా ఉంటుంది. అక్షరాల్లో తప్పులూ ఉంటాయి. మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను, అందులో సగం ఉర్దూ. తప్పులు దిద్దుకొని చదవండి, ఏమనుకోకండి. గోదావరి మీద పడవ నడుపుకొని బతికే మీలో కొందరు, అవతలి రాష్ట్రంలో వానాకాలానికి పడవ నిలుపుకునే చోటు తక్కువ ఖర్చులో దొరుకుతుందా అని మనిషి చేత అడిగించారు. నలుగురిలో నిలబడి చెప్పడం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

నేను పోవలసి ఎందుకు వచ్చిందంటే, మంచిర్యాల దిగువన మా ఊరి రేవు ఈ ఏడు వేలంలో కొత్త గుత్తదారుకు పోయింది. ఆయన పడవలు తప్ప వేరే పడవ కట్టకూడదన్నాడు. పైనా కిందా రేవులూ ఆయనవే. పోయిన ఏడు వరదలో నా పాత పడవ పోయింది. తాడు బిగదీసి కట్టి ఇంటికి వచ్చాను. నీళ్లు పెరిగినా తాడు వదిలేవాడు లేక పడవ మునిగి, చీలిపోయింది. ఇప్పుడున్నది కొత్త టేకు పడవ, పదహారు మూరలది. ఈసారి పోతే ఈ వయసులో మళ్లీ చేయించలేను. వానలు మొదలయ్యే మిరుగం కార్తెకు అప్పటికి ఇంకా ఇరవై రోజులుంది. తొలి నీళ్లకు పడవను కిందికి దింపుకొని పోవాలి, పెద్ద నీళ్లకు ముందే కట్టేయాలి. ఎక్కడ కట్టాలో తెలియక అన్నం సహించేది కాదు. నేను పడవలో మోసే బట్టల మూటలు ఎట్లాగూ సిరోంచ అంగడికే పోతాయి. అక్కడే చోటు చూసుకుందామని బయలుదేరాను.

మంచిర్యాలలో పొద్దున ఆరు గంటలకు చెన్నూరు బస్సు ఎక్కాను. టికెట్టు రూపాయి పావలా. ఒడ్డు కొలవడానికి భుజాన తాడు చుట్ట వేసుకున్నాను. కండక్టరు దాన్ని చూసి నవ్వాడు.

"తాతా, అంగడికా? ఎద్దును కొంటవా?"

"పడవకు" అన్నాను.

"చెన్నూర్ల మంచినీళ్లకే కరువున్నది. పడవ ఏడ కడ్తవే?"

"సిరోంచల."

"అబ్బో, పరదేశం పోతున్నడు తాత. జర జాగ ఇయ్యుండ్రి" అని ముందు సీటు వాళ్లను జరిపి నన్ను కూర్చోబెట్టాడు. ఎనిమిది గంటలకు చెన్నూరులో దించాడు. అక్కడి నుంచి ప్రాణహిత ఒడ్డుకు బస్సు లేదు. అడవి కలప కోసం పోయే ఖాళీ లారీలు ఎక్కించుకుంటాయి. ఎనిమిది అణాలు ఇచ్చి ఎక్కాను. దారిలో అడవి శాఖ నాకా దగ్గర జవాన్లు ఆపి అందరి మూటలూ చూశారు. పదిన్నరకు ఒడ్డు చేరాను. సగం ఏరు మోకాలి లోతు నీళ్లలో నడిచి, లోతు పాయ నావలో దాటాను. నావకు రెండు అణాలు. ఎండకు ఇసుక కాలుతుంది, చెప్పులు చేతిలో పట్టుకోకండి.

మొదట పట్నం రేవుకు పోయాను. మెట్లు బాగున్నాయి, ఇనుప కడియాలు ఉన్నాయి. అక్కడ కూర్చున్న గుమాస్తా "కుఠలం గావ్, బాబా?" అని ఊరు అడిగాడు. చెప్పాను. అప్పుడు తెలుగులోకి దిగాడు.

"ఆంధ్ర నావనా? దరఖాస్తు పెట్టాలె. నెలకు ఆరు రూపాయలు, నాలుగు నెలలది ముందే కట్టాలె. సాహెబ్ జిల్లా కచేరిల, చాందాల ఉంటడు, సంతకం అయి వచ్చేసరికి నెల పడ్తది."

"మిరుగం ఇరవై రోజులే ఉన్నది సాబ్."

"మిరుగానికి నేనేం చెప్పాలె, బాబా?" అన్నాడు. చెడ్డగా అనలేదు, నిజమే అన్నాడు. ఇరవై నాలుగు రూపాయలు నా దగ్గర లేవు, నెల రోజులు అంతకంటే లేవు. దండం పెట్టి వచ్చేశాను. 

ఒడ్డు పట్టుకొని గోదావరి కలిసే దిక్కుకు నడిచాను. కోసెడు దూరంలో, అంటే రెండు మైళ్లకు, ఒక మడుగు కనిపించింది. పడమర వైపు నల్లరాళ్ల దిబ్బ, దాని చాటున నిలిచిన నీళ్లు. గట్టు మీద గట్టి మద్దిచెట్టు. తాడుతో కొలిచాను, నా పడవ రెండుసార్లు పడుతుంది. అడిగేవాడు లేడు, పైసా ఖర్చు లేదు. గోదావరి ఎంత ఎగిరినా దిబ్బ అడ్డం పడుతుంది అనుకున్నాను. చాలా రోజుల తరువాత కొంచెం ఊపిరి ఆడింది. గుర్తుకు ఒక గూటం కూడా పాతాను.

దగ్గరలో తాటాకు గుడిసె ఉంది. లచ్చక్క అనే బెస్తావిడ నావలవాళ్లకు వండి పెడుతుంది. జొన్నరొట్టె, చేపల పులుసు ఆరణాలు. తింటుంటే ఆమె గూటం దిక్కు చూసింది.

"కాకా, గా గూటం నీదేనా? బర్రెను కడ్తవా?"

"పడవ, బిడ్డా. వానకాలానికి."

ఆమె మూకుడు దింపి నా ముందుకు వచ్చి కూర్చుంది. "గోదారి మనిషివి గదా?"

"ఎట్ల తెలుసు?"

"నువ్వు వచ్చినప్పటి సంది చూస్తున్న. గోదారి దిక్కే మొఖం పెట్టి కొలిచినవ్, గోదారి దిక్కే మొఖం పెట్టి గూటం కొట్టినవ్. కొట్టేది నీ ఈపు ఎనుక నుంచి కాకా. ఈడ ముందు ఎగిరేది ప్రాణహిత. ఉత్తరం నుంచి వచ్చి గా దిబ్బకు గుద్దుకొని మడుగుల సుడి తిరుగుతది. చెట్టు చూసినవా, ఏ మొఖాన గీసుకపోయిందో?"

లేచి పోయి చూశాను. మద్దిచెట్టు పడమటి మొఖాన బెరడు చెక్కుచెదరలేదు. ఉత్తరం వైపు నా తల కంటే ఎత్తున బెరడు లేదు. చీలిన కొమ్మల్లో ఎండిన గడ్డి ఇరుక్కొని ఉంది. యాభై ఏళ్లు పడవ నడిపాను, నీళ్లు పడమటి నుంచే వస్తాయని నా ఒంటికి అలవాటైపోయింది.  గూటం పీకేశాను. తిరిగి వచ్చేసరికి ఆమె పులుసు మళ్లీ వేడి చేసి పెట్టింది.

"ఫికర్ జెయ్యకు, తిను. మా బావను అడుగుదాం" అంది.

ఆమె బావ పోశన్న. నాలుగు గంటలకు నన్ను ఒక ఒర్రె దగ్గరికి తీసుకుపోయాడు. ఏటి నుంచి లోపలికి వంకర తిరిగిన చిన్న వాగు అది, రెండు దిక్కులా ఎర్రమట్టి గట్లు. ఏ ఏరు ఎగిరినా నీళ్లు మెల్లగా వెనక్కి ఎక్కుతాయే కాని కొట్టవు. వాళ్ల పడవలు ఏడు అక్కడే ఉంటాయట. కిరాయి ఎంత అని అడిగాను.

"కిరాయి లేదు. వంతున్నది" అన్నాడు. "నీళ్లెక్కుతుంటే తాడు ఇడవాలె, దిగుతుంటే గుంజాలె. నీ ఒక్కదానిదే కాదు, అందరియి. పడవ పెట్టెటోళ్లు ఇద్దరుండాలె. ఒకడు పంటే ఒకడు మేల్కోవాలె. నీకెవరున్నరు?"

 భార్య లేదు. బిడ్డను చొప్పదండిలో ఇచ్చాను, అల్లుడు మగ్గం వదిలి రాలేడు. నా జతగాడు రెండేళ్ల కింద కాలం చేశాడు. చివరికి "కొంచెం పైసలు ఇస్త" అన్నాను.

"పైసలు లేచి తాడు ఇడుస్తయా, బాపూ?"

లచ్చక్క కల్పించుకుంది. "ముసలాయనను గట్లంటవేంది? జర ఇగురంగ చెప్పరాదు?"

"ఇగురంగనే చెప్తున్న. ఒంటి మనిషిని ఒకసారి పెట్టుకున్నం. కునుకు తీసిండు. ఆయన పడవ తెగి మూడింటిని పగలగొట్టింది" అన్నాడు. "ఇంకో పడవాయన ఉంటే తోలుకరా. రెండు పడవలు జతగట్టి ఇద్దరుండుండ్రి. గంతే చాలు. మిరుగం దాక జాగ ఆపుత. తర్వాత ఎవలు ముందొస్తే వాళ్లది."

ఆ రాత్రి గుడిసె అరుగు మీద పడుకొని, మర్నాడు వచ్చిన దారినే మంచిర్యాల చేరాను. అంతా కలిపి ఖర్చు ఐదు రూపాయల లోపే. చవక చోటంటే పైసలు తక్కువ పడే చోటని అనుకొని పోయాను. మడుగులో పైసా పడేది కాదు, పడవ పోయేది. ఒర్రెలోనూ పైసా పడదు, కాని నా నిద్ర ఇవ్వాలి, పక్కవాడి నిద్ర అడగాలి. ఇవ్వడం నాకు కష్టం కాదు. అడగడమే ఇన్నేళ్లూ తప్పించుకుంటూ వచ్చాను. ఇప్పుడు తప్పేట్టు లేదు. ఒక్క సంగతి మరవకండి. పడవ టేకుదైతే, అది మీదేనని పట్వారీ చేత చీటీ రాయించుకొని దగ్గర పెట్టుకోండి. ఏటి మీద అడవి జవాన్లు దొంగ కలప అని ఆపుతారని పోశన్న చెప్పాడు. ఆపితే ఒక రోజు పోతుంది, వరద ముందు ఒక రోజు చాలా ఎక్కువ.

ఇది చదివే మీలో ఎవరికైనా పడవ ఉండి, చోటు లేకపోతే, నాకు జతగా రండి. పొద్దున వండటం నేను చూసుకుంటాను. రాత్రి మొదటి సగం మీరు పడుకోండి. నాకు మాటలు తక్కువ, నిద్ర కూడా తక్కువే. మిరుగం ఇంక పన్నెండు రోజులే ఉంది. దయచేసి తొందరగా జవాబు రాయండి. రాలేకపోతే రాలేమనే రాయండి, ఇంకొకరిని అడుగుతాను.