బాబాయి మానేసిన తిట్లు

గత శుక్రవారం తెల్లవారుజామున మా బాబాయి నిద్రలోనే పోయారు. సింధనూరులో మేం నడుపుతున్న రైసు మిల్లు ఆయనదే. సిబ్బంది వ్యవహారాలు నావి. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆయన మంచితనం చెప్పుకుంటుంటే నేను తలెత్తలేకపోయాను.

హమాలీలు ‘ధణి’ అని, అంటే యజమాని అని పిలిచే బాబాయిది పెద్ద గొంతు. బాయిలర్ పక్కన కుర్చీ వేసుకుని హమాలీలను పేరుపేరునా తిట్టేవారు. ఎవరి కొడుకు బడి మానేశాడో, ఎవరు తాగుడు మానలేదో అన్నీ ఆ తిట్లలోనే బయటికొచ్చేవి. మధ్యాహ్నం మళ్ళీ వాళ్ళ మధ్యే కూర్చుని క్యారేజీ విప్పేవారు. “తిడితే కలిసి తినాలి, లేకపోతే తిట్టకూడదు” అనేవారు.

పనివాళ్ళ శరీర ప్రకృతి వాతమో పిత్తమో కఫమో తేల్చి, ఎవరికి ఏ పని ఇవ్వాలో, ఎవరితో ఎలా మాట్లాడాలో చెప్పే కృత్రిమ మేధ యాప్ ఒకటి తెప్పించాను. “మన సంగతి చెప్పకుండా వాళ్ళని అడగటం ఏం మర్యాదమ్మా? ముందు నాది చూడు” అన్నారు బాబాయి. ఆకలి, నిద్ర, చెమట, కోపం... నేను ప్రశ్న చదివితే ఆయన జవాబు చెప్పేవారు. ఆ పొద్దున్నే లారీ డ్రైవర్ల ముందు నన్ను కేకలేశారు. ఆ ఉక్రోషంతో, ఆయన ఏం చెప్పినా పిత్తం వైపు జవాబే నొక్కాను.

పిత్తం మితిమీరిందనీ, వేడికీ పనివాళ్ళకూ దూరంగా ఉండాలనీ, ఏదైనా మరొకరితో చెప్పించాలనీ, రోజూ ధనియాల నీళ్ళు తాగాలనీ వచ్చింది. నవ్వేస్తారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “అయితే ఇన్నాళ్ళూ వాళ్ళని బాధపెట్టానన్నమాట” అన్నారు.

మర్నాడే కుర్చీ ఏసీ గదిలోకి మారింది. క్యారేజీ కూడా. నిజం చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే తిడతారని ఊరుకున్నాను. మిల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాను కూడా, సిగ్గులేకుండా.

పాడె లేచే ముందు హమాలీల ముఠాకు పెద్ద అయిన ముకద్దం నా దగ్గరికొచ్చాడు. “అమ్మా, ధణి ఆ రూముల కూసున్నకాడి నుంచి మమ్మల్ని ఒక్క మాట తిట్టలే. మాతోని బువ్వ తినలే. మేమేం తప్పు జేసినం?”

బాబాయికి ఒంట్లో బాగుండేది కాదని చెప్పాను. అప్పుడూ అబద్ధమే. మీరిది చదివేలోగా వాళ్ళకి నిజం చెప్పుకోవాలి.

కళ్ళు మూసుకుంటే ఒకటే కనిపిస్తోంది. గది అద్దం అవతల బాబాయి. బయట ఎవరో బస్తా జారవిడిచారు. ఆయన దిగ్గున లేచారు, చెయ్యెత్తారు, నోరు తెరిచారు. అంతలో నన్ను చూసి, మెల్లగా కూర్చుని, నేను పెట్టిన ధనియాల నీళ్ళ గ్లాసు అందుకున్నారు.