నాలుగు వేల ముక్కల గొంతు

మా బావ ఇరవై ఆరేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్నాడు. ఏ బస్సు ఎక్కడికి, ఎంత ఆలస్యం అని ఊరంతటికీ చెప్పిన గొంతు ఆయనది. ఇంటికొస్తే మాత్రం నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. పొద్దంతా మాట్లాడి వచ్చిన మనిషిని ఇంకేం మాట్లాడించను అని అక్క సరిపెట్టుకునేది. పోయినేడు గొంతులో గడ్డ అని ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడాయన ఏం చెప్పాలన్నా పలక మీద రాయాల్సిందే.

ఆ హడావుడిలో ఆయన గొంతు కాస్త దాచుకోవాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. ఫోన్లు వెతికితే అన్నిట్లోనూ దగ్గే. అప్పుడు అక్క నన్ను పిలిచింది.

"ఒకసారి నేను క్యారియర్ పట్టుకెళ్తే రికార్డింగ్ మధ్యలోనే 'ఏమోయ్, వచ్చావా' అన్నారు. అక్కడందరూ నవ్వారు. అదొక్కటి వెతికి పెట్టరా, ఇంకేమీ అడగను."

బస్టాండువాళ్ళు కొత్త యంత్రం పెట్టుకుని పాత కంప్యూటరు బావకే ఇచ్చేశారు. అందులో నాలుగు వేల చిన్న రికార్డింగులున్నాయి. 'దయచేసి' ఒకటి, 'ప్రయాణికులు' ఒకటి, ఊరి పేరుకొకటి. వాటిని దండ గుచ్చినట్టు కలిపి వినిపించేవారు. ఫైళ్ళ పేర్లు మాత్రం అన్నీ అంకెలే. ఏ అంకె ఏ మాటో బావ రిజిస్టరులో రాసుకున్నాడు. ఆ రిజిస్టరు ఎప్పుడో పాతకాగితాలవాడితో వెళ్ళిపోయింది.

కంప్యూటరుతో పాటే వచ్చే ఫైళ్ళ కిటికీ, అదే ఫైల్ మేనేజరు, ఉంది చూశారూ, దానంత మొండిఘటాన్ని నేను మా ఆఫీసులో కూడా చూడలేదు. ఫోల్డరు తెరిస్తే పైన పచ్చగీత నత్తలా పాకేది. ఫైలు నొక్కితే ప్లేయరు వేరే కిటికీలో తెరుచుకుని 'రెండో' అనేది. అది మూసి వెనక్కొస్తే జాబితా మళ్ళీ మొదటికొచ్చేది. వెతికే గడిలో 'ఏమోయ్' అని కొడితే ఏమీ లేదంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. పన్నెండు రోజులు ఆఫీసు నుంచి నేరుగా అక్కావాళ్ళింటికే వెళ్ళినా ఆరువందలు దాటలేదు. పదమూడో రోజు అది బిగుసుకుపోతే బల్ల మీద గుద్దాను. బావ నా చెయ్యి పట్టుకుని, పలక మీద "వదిలెయ్" అని రాశాడు. అక్క చూసేలోపు తుడిచేశాడు. నాకు ఏడుపొచ్చింది.

మా సెక్షన్లో టైపు చేసే ఆవిడ దగ్గర ఈ గోడంతా వెళ్ళబోసుకున్నాను. ఆవిడ జాలిపడి పెన్‌డ్రైవులో వేరే ఫైల్ మేనేజరు తెచ్చిచ్చింది. అందులో కింది బాణం నొక్కుతూ పోతే చాలు, ప్రతి ఫైలూ ఉన్నచోటే మోగుతుంది. విన్నవాటికి గుర్తు కూడా పడుతుంది. ఇన్నాళ్ళూ పార వదిలేసి చెంచాతో తవ్వానన్నమాట.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం కూర్చున్నాం. 'నాలుగో', 'నంబరు', 'గమనించగలరు'. బావ గొంతు ఆగకుండా వస్తోంది. అక్క సగం మడతపెట్టిన చొక్కా పట్టుకుని అలాగే ఉండిపోయింది. బావ పెదవులు మాటమాటకీ కదులుతున్నాయి. మధ్యాహ్నం మూడు వేలు దాటాక 'ఆలస్యంగా' వచ్చింది.

"ఇదే. దీని తర్వాతే అన్నారు," అంది అక్క.

ఆ ఫైలు చివరిదాకా విన్నాం. 'ఆలస్యంగా', అంతే. తర్వాతి ఫైల్లో 'బయలుదేరును'. వెనక్కి వెళ్ళి మళ్ళీ విన్నాం. బావ పలక మీద ఏదో రాసి, తుడిచి, మళ్ళీ రాసి మాకు చూపించాడు.

"నేనే కోసేశాను. అనవసరపు శబ్దం ఉండకూడదు."

ఇరవై ఆరేళ్ళలో ప్రయాణికుల చెవిన ఒక్క దగ్గు కూడా పడనివ్వని మనిషి. ప్రతి మాటకూ అటూ ఇటూ కత్తిరించి శుభ్రం చేసేవాడు. కోసిన ముక్కలు ఎక్కడైనా దాచావా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ఇన్నాళ్ళూ ఆ కిటికీని తిట్టిన నాకు ఇప్పుడు తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

అక్క మళ్ళీ పెట్టమంది. పెట్టాను. ఇంకోసారి అంది.

"చివర్న గొంతు కాస్త మెత్తబడింది, విన్నావా? అప్పుడే నన్ను గుమ్మంలో చూసి ఉంటారు."

నాకైతే ఏ తేడా వినిపించలేదు. బావ వైపు చూశాను. ఆయన పలక బోర్లించి పెట్టాడు. నేను మళ్ళీ నొక్కాను.