మా ఇంట్లో పాకెట్ పాలు జున్నయ్యాయి

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. వికారాబాద్‌లో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. పాలు ఎందుకు విరుగుతాయో ఏటా బోర్డు మీద రాసి పిల్లలతో చదివిస్తాను. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో ఎవరైనా అంటే వాదనకు దిగే మనిషిని. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు మనసొప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా మా ఆయన మీద కోపంతోనే.

ఆయనకు బొమ్మల పిచ్చి. ఇంట్లో కాలు పెట్టే జాగా ఉండదు. ఇత్తడి నర్తకి, కొయ్య గుర్రం మీద రాజు, టీవీ పక్కన నల్లరాతి వేణుగోపాలుడు, మెట్ల కింద తల లేని ఎవరో. తెచ్చేది ఆయన, దుమ్ము తుడిచేది నేను. చుట్టాలు వస్తే చాలు, వాటి ముందు నిలబెట్టి ఫొటోలు తీస్తాడు. అంతవరకు నేనూ సర్దుకున్నాను.

కుల్కచర్ల వైపు ఒకచోట ప్లాట్లు చేస్తామని పొలం గట్లు చదును చేశారు. గట్టు మీద పాతిన ఒక రాతి పలకను జేసీబీ పెళ్లగించి పక్కన పడేసింది. దాని మీద ఈటె పట్టిన మనిషి, అతని కాళ్ల దగ్గర చిరుత. మందను కాపాడబోయి చచ్చిపోయిన గొర్ల కాపరికి ఇంటివాళ్లు ఏనాడో నిలిపిన రాయి అది. ప్లాటు చూడ్డానికి పోయిన మా ఆయన, ఎవరినీ అడక్కుండా దాన్ని ట్రాలీలో వేసుకొచ్చాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. తరతరాలుగా పూసిన పసుపు, సున్నం, నూనె పేరుకుని బొమ్మ మురికిగా ఉందన్నాడు. తాండూరు తీసుకుపోయి, బండలు పాలిష్ చేసే చోట ముందు వైపంతా మెషీన్ పెట్టించాడు. నేల బండలకు పెట్టినట్టే పెట్టారు. కళ్లు, ముక్కు, మీసాలు అన్నీ అరిగిపోయాయి. వెనక వైపు గోడకు ఆనేదే కదా అని వదిలేశారు. మొహం లేని ఆ మనిషిని తెచ్చి హాల్లో లైటు కింద నిలబెట్టి, "ఎట్లుంది? మస్తు మెరుస్తుంది గద" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు, ఒక ఆదివారం పొద్దున, మల్లమ్మ అనే పెద్దామె రాయి ఎక్కడుందో ఆరా తీస్తూ మా ఇంటికి వచ్చింది. ఆ కాపరి వాళ్ల పూర్వీకుడు. ఆమె చేతిలో మూత కట్టిన చెంబు ఉంది. వాళ్ల బర్రె ఈనిందట. వాళ్లింట్లో పశువు ఈనితే, జున్నుపాలు ఆ రాయికి పోసేదాకా ఎవరూ ఒక్క చుక్క తాగరు, అమ్మరు. పాలు అమ్మితేనే ఆ ఇల్లు గడిచేది.

"రాయి ఇయ్యకుంటె మానె సారూ, జర గీ పాలు పోసి పోత" అంది గుమ్మం బయటే నిలబడి.

"కింద మార్బుల్ ఖరాబైతది, పో" అని ఆయన ఆమె మొహం మీదే తలుపేశాడు. నేను వంటింట్లోంచి వచ్చి తలుపు తీసేసరికి ఆమె సందు దాటిపోయింది.

సాయంత్రం చాయ్ కోసం పాకెట్ పాలు పొయ్యి మీద పెట్టాను. పొంగలేదు. గిన్నెలోనే గడ్డకట్టాయి. విరిగితే నీళ్లు, ముక్కలు వేరవుతాయి. ఇది చాకుతో కోస్తే ముక్కగా వచ్చింది. లోపల సన్నటి రంధ్రాలు, లేత పసుపు రంగు, అచ్చంగా జున్ను వాసన. పశువు ఈనిన తొలి రోజుల్లో వచ్చే పాలే జున్నవుతాయి. పాకెట్ పాలు తలకిందులుగా తపస్సు చేసినా కావు.

షాపు మార్చాను. గిన్నెను చింతపండుతో తోమాను. అయినా అదే. ఒక పాకెట్ కత్తిరించి సగం ఎదురింటి రజియా అక్కకు ఇచ్చాను. వాళ్ల పొయ్యి మీద చక్కగా పొంగాయి. మిగతా సగం మా పొయ్యి మీద గడ్డకట్టింది. ఆమె వచ్చి కళ్లారా చూసి, ఇంత నోట్లో వేసుకుని, "అచ్చం జున్నే గదమ్మా" అని గబగబా వెళ్లిపోయింది. మా ఆయన మాత్రం చక్కెర చల్లుకుని తిన్నాడు. మస్తుందట, ఇంకా చేయమన్నాడు. ఆ గిన్నె ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది.

వారం పైనే చూశాను. ఇక ఏమన్నా అనుకోనీ అని, ఆయన ఇంట్లో లేనప్పుడు ట్రాలీ మాట్లాడి, దారి కనుక్కుంటూ రాయిని మల్లమ్మ ఇంటికి తీసుకుపోయాను. ఆమె కోడలు ఎదురొచ్చింది. బర్రె ఇంకా జున్నుపాలే ఇస్తోందని, ఇన్నాళ్లయినా పలచబడలేదని, పశువుల డాక్టరుకు కూడా అంతుపట్టలేదని చెప్పింది. మా ఇంటి సంగతి నేను అప్పటికి వాళ్లతో ఒక్క ముక్క కూడా అనలేదు.

మల్లమ్మ రాయి ముందు కూర్చుని, మొహం ఉండాల్సిన చోట చాలాసేపు తడిమింది.

"గీయనెవరు?" అంది. "మా తాత మొకం నాకెరుకే. ఎవరిని తెచ్చినవమ్మా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ క్షణంలో మా ఆయన ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఆమె లేచి రాయి వెనక్కి పోయింది. అక్కడ పసుపు, సున్నం అట్లాగే ఉన్నాయి. చెయ్యి ఆనించి, ట్రాలీ వాళ్లతో రాయిని తిప్పించింది. మొహం గోడ వైపు, వీపు వాకిలి వైపు. "గిట్లనే ఉండనియ్యుండ్రి" అంది. అప్పుడు ఆ వీపు మీద పాలు పోసింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. బర్రె పాలు కూడా ఆ పూటే పలచబడ్డాయని కోడలు ఫోన్ చేసింది. పాకెట్ కంపెనీ తప్పేనంటాడు మా ఆయన. మరి రజియా అక్క ఇంట్లో ఎందుకు పొంగాయంటే టీవీ సౌండు పెంచుతాడు. నేను చదివిన సైన్సులో దీనికి లెక్క దొరకలేదు.

మొన్న ఆయన ఎవరికో ఫోన్లో, "అనంతగిరి దిక్కు పాత రాళ్లేమన్న ఉంటె చెప్పు, ఈసారి పాలిష్ చేయించనులే" అంటుంటే విన్నాను. పొయ్యి ఆర్పి, పాల గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఇగ నుంచి నువ్వే కాగబెట్టు అన్నాను.

కాగబెడుతున్నాడు. అంతా కంపెనీ తప్పేనన్న మనిషి, పాలు పొంగేదాకా గిన్నె ముందు నుంచి కదలడు.