ఇనిషియల్ మింగిన కన్వర్టర్

రిటైరవడానికి ముందు ఏడాది, ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, నన్ను తమిళనాడులో రాజపాళయంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపారు. హోదా సిస్టమ్స్ మేనేజర్. రోగుల వివరాలు చూపే కొత్త ప్రోగ్రాం మా బృందానిదే. మొదటి వారం వార్డులో కూర్చుని దాని తీరు గమనించడం నా పని.

మా తమిళనాడు తెలుగువాళ్లలో పేరుకు ముందు ఇనిషియల్ రాస్తారు, తండ్రిదో భర్తదో ఒక్క అక్షరం, పక్కన చుక్క. ఒకే పేరున్నవాళ్లు వీధి వీధికీ ఉంటారు. తేడా తెలిపేది ఆ అక్షరమే.

ఆ వారంలో ఒక ఉదయం నర్సు జయ, సేత్తూరు నుంచి వచ్చిన ఆర్. సుబ్బమ్మగారికి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయబోయింది. పక్కనున్న కూతురు జయ చెయ్యి పట్టేసుకుంది.

"ఉండక్కా! ఈ ఊసి అమ్మకు పడదు. పోయిన తూరి ఇక్కడనే ఊపిరాడక పడిపోయినాది!"

"కంప్యూటర్లో అలర్జీ లేదనే ఉండాదే, మా," అంది జయ.

తెర చూశాను. అక్కడున్నవి చోళపురం ఊరి కె. సుబ్బమ్మ అనే వేరొకావిడ వివరాలు.

టైప్ చేసిన అక్షరాలను ప్రోగ్రాం వాడుకునే రూపంలోకి, ఆబ్జెక్టుగా, మార్చేది టైప్ కన్వర్టర్. ఏ క్లాసుకు, అంటే ఏ రకం వివరానికి, ఏ కన్వర్టరో ప్రోగ్రామే వెతుక్కుంటుంది. సొంతది తగిలించి లేకపోతే, ఆ క్లాసు దేన్నుంచి పుట్టిందో ఆ తల్లి క్లాసుది తెచ్చుకుంటుంది. మన పేర్లకని విడిగా ఒక క్లాసు, దానికో కన్వర్టరు మావాళ్లు రాశారు. రెంటినీ జతచేసే ఒక్క లైను మాత్రం రాయలేదు. టెస్టింగులో కన్వర్టర్‌ను ప్రోగ్రాంచేత వెతికించకుండా నేరుగా పిలిచారు కాబట్టి బ్రహ్మాండంగా పనిచేసింది. వార్డులో వెతుకులాట తల్లి క్లాసుకు పోయింది. ఆ పాత కన్వర్టర్ చుక్క ముందున్నది మిస్టరో డాక్టరో అనుకుని కోసిపారేస్తుంది. ఇద్దరి ఇనిషియళ్లూ పోయి ఉత్త సుబ్బమ్మ మిగిలింది, మొదట దొరికిన రోగి కార్డు తెర మీదికొచ్చింది. ఎర్రర్ అన్న మాటే లేదు. తప్పు దొర్లిందని జయకు తెలిసే దారే లేదు.

"నేను టీ తాగను పోయింటే ఏమయ్యిండును, సార్?" అని అడిగింది కూతురు. నేను ఫోను తీసి మా బృందానికి కలిపాను.

ఆ పూటే ప్రోగ్రాం ఆపించి, లైను చేర్పించాను. పేర్ల క్లాసుకు సొంత కన్వర్టర్ దొరక్కపోతే తల్లిది తెచ్చుకోకుండా తెర ఆగిపోవాలని, ఒకే పేరుతో రెండు కార్డులు దొరికినా ఆగాలని రాయించాను. కన్వర్టర్ రాయడం సగం పనే. వెతికినప్పుడు చేతికొచ్చేది అదేనా అని చూడటం మిగతా సగం. తెర మాటిమాటికీ ఆగుతోందని నర్సులు విసుక్కున్నారు. విసుక్కోనివ్వండి, ఆగనివ్వండి అన్నాను.