దోనె పగిలిన రోజు

నా చిన్నప్పుడు పడవను బండి మీద వేసి ఊరు దాటించాలంటే దారి పొడుగునా తడుపుతూ తీసుకెళ్ళేవాళ్ళు. ఇక్కడ కెనడాలో చుక్క తడి లేకుండా తీసుకెళ్ళాలట. ఒక సరస్సులోని నాచూ పురుగూ ఇంకో సరస్సులోకి పోకూడదని రూలు. పడవ వెనక భాగంలో, అడుగున ఒక బెజ్జం ఉంటుంది, దానికో బిరడా. రోడ్డెక్కే ముందు బిరడా పీకి, నీళ్ళన్నీ కార్చేసి, బెజ్జం తెరిచే ఉంచాలి. నీళ్ళలోకి దించే ముందు మళ్ళీ బిగించాలి. ఇదంతా నాకెవరూ చెప్పలేదు. నేను బడికి వెళ్ళింది అయిదో తరగతి దాకానే. ఆ తరవాత పొట్లం కట్టిన కాగితంతో సహా కనపడిందల్లా చదివి నేర్చుకున్నవాణ్ణి. ఆ రూల్స్ పుస్తకం కూడా భూతద్దం పెట్టుకుని మొదటినించి చివరిదాకా చదివాను. ఇంజనీరింగ్ చదివిన మా అబ్బాయి మాత్రం రెండు నిమిషాల వీడియో చూసి అంతా వచ్చేసిందన్నాడు. ఒళ్ళు మండదూ?

వాడుండేది మిల్టన్‌లో, గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ళ వరసలో. మొన్న వేసవిలో నాలుగు రోజుల కోసం ఆర్వీ అద్దెకు తెచ్చాడు. మంచాలూ పొయ్యీ అన్నీ లోపలే ఉండే బస్సంత బండి అది. దాని వెనక ట్రైలర్ మీద, చేపలు పట్టుకోవడానికి పాతది కొన్న చిన్న అల్యూమినియం పడవ. ఆ పడవను ఒక్కపూట ఇంటిముందు ఉంచినందుకు కాలనీవాళ్ళు తలుపుకు నోటీసు అంటించి పోయారు. జవాబు నేను రాస్తానంటే మా కోడలు ఆ కాగితం ఎక్కడో దాచేసింది.

బిరడా బాధ్యత పదేళ్ళ మనవరాలికి అప్పగించింది నేనే. అది మరిచిపోతే పడవ మునుగుతుందని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. పాపం, అది దాన్ని కోటు జేబులో వేసుకుని మాటిమాటికీ తడిమి చూసుకుంది. మధ్యలో కాఫీకి ఆగినప్పుడు ఉక్కగా ఉందని ఆ కోటు విప్పి ఆర్వీలో ఎక్కడో పడేసింది.

సరస్సు దగ్గర పడవలు దించడానికి ఏటవాలుగా పోసిన సిమెంటు దారి ఒక్కటే. మా వెనక అయిదారు బండ్లు ఆగి ఉన్నాయి. అంత పొడుగు బండిని, దాని వెనక ట్రైలర్‌ను వెనక్కి నడపలేక మావాడికి చెమటలు పడుతున్నాయి. కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచాడు.

"ప్లగ్ పెట్టావా బంగారం?"

"యా!" అంది మనవరాలు, వెనకనున్న బండ్ల వంక చూస్తూ.

అలాంటి గొంతు నాకు తెలుసు. కానీ నేను నోరు తెరిచేలోపే పడవ జారి నీళ్ళలో పడింది. మావాడు అందులో కాలు పెట్టేసరికి చీలమండల దాకా నీళ్ళు. గాలాల పెట్టె తేలింది, కోడలు చేసిన పులిహోర డబ్బా తేలింది. వెనక బండ్లవాళ్ళే వచ్చి తాళ్ళు పట్టి ఒడ్డుకు లాగారు. వాళ్ళలో ఒకాయన ఏమైందని అడిగాడు. మావాడు మనవరాలి వైపు తిరిగాడు.

"వన్ జాబ్! నీకిచ్చింది వన్ జాబ్! పెట్టానని అబద్ధం కూడానా?"

అందరూ దాని వంకే చూస్తున్నారు. అప్పుడు నేను ముందుకు జరిగి, నాకొచ్చిన ఇంగ్లీషులో, "మై మిస్టేక్. ఐ టోల్డ్ హర్, ఐ పుట్ ద ప్లగ్. ఓల్డ్ మ్యాన్, ఫర్‌గాట్," అన్నాను. అడిగినాయన నవ్వి నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. మావాడు మాత్రం నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తప్పు నాదన్న మాట నా నోట వాడు పుట్టి బుద్ధెరిగాక వినలేదు మరి.

మనవరాలు వెళ్ళి ఆర్వీలో కూర్చుంది. తిండి వద్దంది. ఇక ఆ బోటు ఎక్కనంది, ఇంటికి పోదామంది. పిల్ల ఆ మాట అన్న తీరు చూస్తే, ఈ ఒక్క రోజుతో నీళ్ళన్నా, నాన్నతో బయటికి రావడమన్నా దానికి విరక్తి పుట్టేలా ఉంది. నేను వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను. "వై డిడ్ యూ లై, తాతా?" అని అడిగింది. అప్పుడు దానికి మా మావయ్య సంగతి చెప్పాను. ఆ సంగతి చనిపోయిన మా ఆవిడకు కూడా నేను చెప్పలేదు.

మా మావయ్యది కొల్లేటి ఒడ్డున ఒక పల్లె. ఆయనకున్న ఆస్తల్లా తాటిమొద్దు తొలిచి చేసిన ఒక దోనె. దాని మీదే చేపలు పట్టి ఆరుగురిని సాకేవాడు. ఒక ఎండాకాలం నీరు వెనక్కి తగ్గిపోతే, దోనెను ఎడ్లబండి మీద కట్టి ఆరు మైళ్ళ అవతల ఉన్న పెద్ద చెరువుకు తీసుకెళ్ళాడు. తాటిమాను ఎండకు ఆరితే పగుళ్ళిస్తుంది. అందుకని దోనె నిండా గోనెసంచులు కప్పి, పక్కనే కుండతో నీళ్ళు పెట్టి, చేతికి చెంబిచ్చి నన్ను కూర్చోబెట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నీళ్ళు పోయడం ఎంత సరదాగా ఉందంటే, మొదటి మైలులోనే కుండ ఖాళీ చేసేశాను. నీళ్ళయిపోయాయని చెబితే తిడతాడని భయం. ఆయన ఎడ్ల ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగేవాడు.

"పోత్తన్నావా అల్లుడూ?"

"పోత్తన్నా మావయ్యా!" అనేవాణ్ణి, ఖాళీ చెంబు కుండకు తగిలించి చప్పుడు చేస్తూ.

చెరువు చేరేసరికి దోనె అడుగున జానెడు పగులు. మావయ్య గోనెసంచి మీద చెయ్యి వేశాడు. అప్పడంలా ఉంది. ఒడ్డునున్న వాళ్ళు మూగి, "తడిపినోడెవడ్రా?" అని అడుగుతున్నారు. మావయ్య నా వంక ఒక్కసారి చూసి, "పోశాడ్లే పాపం. ఎండ అట్టాంటిది," అన్నాడు. పగులులో కొబ్బరిపీచూ తారూ కూరి, దోనె నీళ్ళలోకి తోసి నన్ను ఎక్కమన్నాడు. ఎక్కనన్నాను. "అది కారుద్ది. తోడి పోసేవోడు లేందే ఎట్టా?" అని ఆ చెంబే మళ్ళీ నా చేతిలో పెట్టాడు.

ఆయన గెడ వేస్తున్నాడు, నేను ఊరుతున్న నీళ్ళు తోడుతున్నాను. ఆయన వలల గురించి మాట్లాడాడు, కొంగల గురించి మాట్లాడాడు. ఆ ఒక్కటి మాత్రం అడగలేదు. చెరువు నడిమికి వచ్చేసరికి ఇక నా వల్ల కాలేదు. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"తెలుసులేరా. తోడు, తోడు, నీ కాళ్ళకాడ నిండుతున్నయ్," అన్నాడు.

మనవరాలు అంతా విని, "సో హీ న్యూ?" అంది. ఆయనకు ముందే తెలుసన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఎదుటివాడు నోరు విప్పేలోపు నాలుగు చీవాట్లు పెట్టే నాకు ఆ కాసేపు ఊరుకోవడం ఎంత కష్టమైందో ఆ పైవాడికే తెలియాలి. కొంతసేపటికి అది లేచి, కోటు వెతికి, జేబులోంచి బిరడా తీసుకుని, పడవ తుడుస్తున్న వాళ్ళ నాన్న దగ్గరికి నడిచింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. వాడి చేతిలో గుడ్డ ఆగిపోవడం చూశాను. వాడు కింద కూర్చుని, దాని ఎత్తుకు వంగి, ఏదో అన్నాడు. తరవాత ఇద్దరూ కలిసి తుడిచారు. సాయంత్రం ఇద్దరూ పడవ ఎక్కారు. చేప ఒక్కటీ పడలేదు.

వాళ్ళు నీళ్ళ మీద చిన్నగా కనపడుతుంటే నేను ఒడ్డున కూర్చున్నాను. చిన్నప్పుడు మార్కుల కాగితం దాచినా, సైకిలు విరగ్గొట్టినా, మా అబ్బాయిని పదిమందిలో నిలబెట్టి నిజం కక్కించిన వాణ్ణి నేను. ఒడ్డు దగ్గర వాడు అరిచిన అరుపు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలుసు. మావయ్య ఆ రోజు నన్నేమీ అడగకుండా ఒడ్డు నించి చెరువు నడిమి దాకా తీసుకెళ్ళాడు. నిజం చెప్పడానికి మనిషికి అంత దూరం కావాలని నాకు తొమ్మిదో ఏటనే తెలుసు. తెలిసీ ఆ సంగతి నా దగ్గరే ఉంచుకున్నాను గాని, కన్న కొడుక్కి ఆ దూరం ఒక్కసారీ ఇవ్వలేదు. అందుకే ఇప్పుడు మనవరాలు తల వంచుకుని వస్తే ఏమైందని అడగను, పక్కన చోటు చేసి జరుగుతాను. మొన్న మా అబ్బాయి వచ్చి ఏదో చెప్పబోయి ఆగాడు. వాడికి కూడా జరిగాను.