ఎర్ర పేలిక కట్టిన సాలు

పెరట్లో కాశాయని పక్కింటివాళ్లు ఇవాళ నాలుగు క్యాబేజీలు ఇచ్చారు. కోడలు శనగబేడలు వేసి తాళింపు పెట్టింది. ఆ వాసనకు నాకు ముద్ద దిగలేదు.

ఎమ్మిగనూరు పక్క మా ఊళ్లో క్యాబేజీని కోసుగడ్డ అనేవాళ్లం. ఆ పక్కవాళ్లకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. నా చిన్నప్పుడు ఒక ఏడు మా బావి కింద తోటలో విరగకాసింది. ఊరంతా పంచినా తరగలేదు, రోజూ అదే కూర. పురుగుమందు కొట్టిన సాలుకు నాయన పుల్ల నాటి ఎర్ర పేలిక కట్టేవాడు. అది ఉన్నన్నాళ్లూ ఆ సాలు ఎవరూ ముట్టకూడదు.

ఒకరోజు పొద్దున కాలవ పక్క సాలుకు కట్టిన పేలికను, గాలిపటం తోక కోసం నేను విప్పుకొచ్చాను.

మధ్యాహ్నం అమ్మ కూర దబర తెచ్చి మా ముందు పెట్టింది.

"కాలవ పక్క సాలులో కోసినానప్పా. గడ్డలు బిందెలంత ఉండాయి!"

పేలిక నా జేబులోనే ఉంది. చెప్పాలి. నాకేమో మాట తొందరగా రాదు. ఇంతలో చెల్లి రొట్టె ముక్కను నేరుగా దబరలో ముంచింది.

దబరను కాలితో తన్నాను.

"కూడు తంతావా రా? పొగరెక్కిందా?" అంటూ అమ్మ వీపు మీద బాదింది. దెబ్బలు తింటూనే పేలిక తీసి చూపించాను. అమ్మ చెయ్యి ఆగిపోయింది. చెల్లి చేతిలో ముక్క లాగేసింది.

"మింగినావా? సెప్పే, మింగినావా?"

"యాడమ్మా, అన్న తిననిస్తే గదా!" అని చెల్లి ఏడుపు అందుకుంది.

ఆ చెల్లి ఇప్పుడు ఆదోనిలో ఉంటుంది. ఇందాక ఫోన్ చేసి ఏం కూరని అడిగింది. చెప్పాను.

"ఈసారైనా తన్నకుండా తినన్నా" అంది.